ఎనిమిది పట్టీలు

1979 నవంబరు 12, ఆదోని
మా దూది మిల్లులో కొత్త హైడ్రాలిక్ ప్రెస్ నడిచింది. దూదిని నొక్కి, గోనె చుట్టి, ఎనిమిది ఇనుప పట్టీలు బిగించి బేలు దించడానికి పది నిమిషాలు. పాతదానికి అరగంట పట్టేది. దాన్ని బిగించడానికొచ్చిన కోయంబత్తూరు ఫిట్టర్ వెళ్తూ ప్రెస్ బుక్కు నా చేతికిచ్చాడు. ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో పెరిగినవాణ్ణి, ప్రెస్ ఆపరేటర్‌నయ్యాను.

నవంబరు 20
పట్టీలు బిగించే యూసుఫ్ సాబ్‌తో తంటా. ప్రెస్ వదిలేముందు ప్రతి పట్టీనీ చిన్న సుత్తితో కొట్టి, మోతలో బిగువు తెలుసుకోవడానికి చెవి పెడతాడు. ఇరవై ఏళ్ల అలవాటట. ప్రెజర్ గేజి ఉంది కదా, ముల్లు ఎర్ర గీత దాటకుంటే చాలన్నాను.
"ముల్లుకు చెవులుండాయా రంగన్నా?" అన్నాడు.
అందరూ నవ్వారు.

డిసెంబరు 3
మిల్లు యజమాని సేటు రోజుకు అరవై బేళ్లు కావాలన్నాడు. యాభై రెండు దాటడం లేదు. సాబ్ చేతిలోని సుత్తి తీసుకుని నా టూల్‌బాక్సులో పెట్టి తాళం వేశాను. సాయంత్రానికి అరవై ఒకటి.

డిసెంబరు 4
అరవై మూడు.

డిసెంబరు 8, మధ్యాహ్నం 3
లివర్ వదిలాను. ప్రెస్ పైకి లేవగానే దూది ఉబ్బింది. మూడో పట్టీ బకిల్ ఊడి కొరడాలా లేచింది. సాబ్ ఎదురుగా ఉన్నాడు. కుడి కన్ను. వదిలేముందు ముల్లు గీత లోపలే ఉంది. చూశాను.

డిసెంబరు 10
సేటు అడిగాడు. పట్టీ నాసిరకమని చెప్పాను. సుత్తి సంగతి చెప్పలేదు. కర్నూలు ఆసుపత్రిలో సాబ్‌నూ అడిగారట. ఆయనా చెప్పలేదు.

డిసెంబరు 22
బుక్కు మళ్లీ చదివాను. ప్రెస్ ఎంత గట్టిగా నొక్కుతోందో మాత్రమే గేజి చెబుతుంది. ప్రెస్ లేచాక దూదిని పట్టి ఉంచేది పట్టీ. దాని సంగతి గేజికి తెలియదు. ఇందులో అర్థం కానిదేమీ లేదు. నవంబరులోనూ లేదు.

1980 జనవరి 17
సుత్తి జేబులో వేసుకుని సాబ్ ఇంటికి పోయాను. ఆయన భార్య ఖాజాబీ చాయ్ ఇచ్చింది. కన్ను తీసేశారు. సేటు మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇస్తానన్నాడట. తప్పు నాదేనని చెప్పేద్దామని నోరు తెరిచేలోపే ఆయన అడిగాడు.
"ముల్లు ఏమంటాంది రంగన్నా?"
వెక్కిరింపు కాదు. ప్రెస్ ఎట్లా నడుస్తోందని అడిగినట్టే అడిగాడు. చాయ్ తాగి వచ్చేశాను. సుత్తి జేబులోనే ఉంది. మళ్లీ టూల్‌బాక్సులో పెట్టి తాళం వేశాను.

ఫిబ్రవరి 6
సేటు చూస్తుండగా టూల్‌బాక్సు తెరిచి, సుత్తి తీసి, ఇది సాబ్‌ది, నేనే దాచానని చెప్పాను. ఎనిమిది పట్టీలూ కొట్టాను. నాకు అన్నీ ఒకేలా పలికాయి. గేటు దగ్గరున్న సాబ్‌ను పిలవమన్నాను. ఆయన వచ్చేదాకా లివర్ వదల్లేదు.