వైడ్ లెన్స్‌లో లారీ

శీనన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు సగంలో వదిలేసిన సినిమాను నీ చెల్లెలు సుజాత పూర్తి చేస్తోంది. లారీ ఎదురొచ్చే షాట్ ఒక్కటే మిగిలింది. దానికోసం పొద్దున శంషాబాద్ దాటి, కొత్తూరు దగ్గర హైవే మీద ఆగాం.

అప్పుడు నీకు చేసినట్టే ఇప్పుడు ఆమెకూ అసిస్టెంట్‌గా ఉన్న నేను టెలి లెన్స్ తీశాను. అదైతే ఎంత దూరాన నిలబడ్డా లారీ మీద పడుతున్నట్టే ఉంటుంది. సుజాత వద్దంది.

"అన్న వైడే పెట్టేటోడు. నేనూ గదే పెడత."

వైడ్‌లో దగ్గరికొచ్చిన లారీ కూడా ఎక్కడో ఉన్నట్టు కనిపిస్తుంది. నిరుడు నీకూ అలాగే కనిపించి ఉంటుంది.

సుజాత నీలాగే తెల్లగీత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాకు ఒక కన్ను ఆనించి, రెండోది మూసుకుంది. హారన్ మోగింది. నా కాళ్ల కింద రోడ్డు అదిరింది.

"సుజాతా, లెవ్!"

"ఆగన్నా, ఇంకా మస్తు దూరముంది."

నువ్వు చివరిగా అన్న మాట కూడా అదే. భుజం పట్టి వెనక్కి లాగాను. లారీ గాలికి ఆమె చున్నీ ఎగిరిపోయింది.

"షాట్ ఖరాబు చేసినవ్. రేపు ఒక్కదాన్నే వస్త," అని కెమెరా సంచిలో పెట్టుకుంది.

వైడ్ లెన్స్ విప్పలేదు.