పిల్లలు రాని గుడ్లు

గుంటూరు

ప్రియమైన అమ్మీకి,

నీ మున్నీ సలాం. ఫోన్లో అయితే నన్ను మాట పూర్తి చేయనివ్వవు. అందుకే రాస్తున్నాను. ఆసాంతం చదివాకే తిట్టు.

అక్రం వాళ్ళ కొట్లో కొన్న గుడ్లను మన నల్లకోడి కింద పొదగేశావు. పాపం అది తిండి మానుకుని కూర్చున్నా ఒక్క పిల్లా రాలేదు. అంతలో ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూశావు. "చెడిపోకుండా గుడ్లకు రేడియేషన్ పెడతన్నారంట, అందుకే చచ్చినయ్యి" అని మాచర్ల బజారంతా చాటావు. అక్కడితో ఆగావా? సంబంధం మాట్లాడదామని వచ్చిన అక్రం వాళ్ళమ్మను గుమ్మంలోనే నిలబెట్టి, "విషం అమ్మే ఇంటికి నా పిల్లనియ్యను" అన్నావు. సెలవుకు వచ్చిన నేను వంటింట్లో ఏడ్చాను, నీకు చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నా. అక్రం అంటే నాకు ఇష్టం. చానా ఇష్టం. అయినా నీ మాటే నిజమైతే అతన్ని చేసుకోనని ఒట్టు పెట్టుకుని, అదే కొట్టు గుడ్లు మా కాలేజీ ల్యాబ్‌కు తెచ్చాను. రేడియేషన్ తగిలితే పచ్చసొన కొవ్వులో ఒక పదార్థం పుడుతుంది. ఉడకబెట్టినా, వేయించినా అది పుట్టదు. పోల్చి చూడడానికి రేడియేషన్ పట్టించిన గుడ్లు కూడా సార్ తెప్పించారు. వాటికి మెషీన్‌లో ఆ పదార్థాన్ని చూపే గీత నిటారుగా లేచింది. అక్రం గుడ్లకు పడుకునే ఉంది! ల్యాబ్ అని కూడా చూడకుండా గంతేశాను అమ్మీ. సార్ కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూశారు.

మరి పిల్లలెందుకు రాలేదంటావా? అక్రం వాళ్ళకు గుడ్లొచ్చే ఫారంలో అన్నీ పెట్టకోళ్ళే. పుంజు లేకుండా పిల్లలెట్లా వస్తాయి? మన పెరట్లో ఎప్పుడూ పుంజు తిరుగుతుంటుంది గనక నీకు తట్టలేదు.

ఇక నీ ఇష్టం.

నీ మున్నీ


మాచర్ల

ఒసే మున్నీ,

నీ ఉత్తరం చదివి ముందు తల బాదుకున్నా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వా. ఇన్నేళ్ళుగా కోళ్ళు పెంచేదాన్ని, పుంజు సంగతే మరిచా చూడు!

చాటిన నోటితోనే సరిదిద్దాల గదా. అక్రం కొట్లోనే గుడ్లు కొని, డేగిసా నిండా పులుసు వండి వీధంతా పంచా. "తప్పు గుడ్లది కాదమ్మా, నాది" అని ఇంటింటికీ చెప్పా. ఆఖరి గిన్నె పట్టుకుని అక్రం వాళ్ళ గుమ్మంలో నిలబడ్డా. నేను నిలబెట్టినట్టే వాళ్ళమ్మా నన్ను నిలబెట్టింది. పులుసు రుచి చూసి, "ఉప్పు తగ్గింది రషీదా" అంది.

"నా కూతురొచ్చి సరిచేస్తదిలే" అన్నా.

అంతే, గుమ్మంలోనే ఇద్దరం కావిలించుకుని ఏడ్చాం. అక్రం చేతిలో గుడ్ల ట్రే ఉన్న సంగతి మరిచి ఎగిరాడు. ఆ సొనంతా నేనే కడిగా.

ఆదివారం వచ్చేయ్, నిఖా మాట్లాడుకుందాం. గుడ్లకు చేసినట్టు వాడికీ పరీక్షలేమన్నా మిగిలుంటే ఇప్పుడే చేసుకో. తర్వాత ఇచ్చిన మాట నేను వెనక్కి తీసుకోను.

మీ అమ్మీ,
రషీదా