నాన్న నవ్వకుండా లేచారు

చాంగ్‌చున్,
మంగళవారం

ఫాంగ్ బాబాయ్‌కి నమస్కారాలు,

చిన్నప్పటి నుంచీ ఒక ప్రశ్న నాలో ఉండిపోయింది. సినిమాలో శవంగా పడుకున్న ప్రతిసారీ శవపేటికలోంచి లేవగానే నాన్న పగలబడి నవ్వేవారు. అది ఉత్త ఆచారమేనా, లేక ఆయనకు నిజంగా భయమా? ముప్ఫై ఏళ్లు ఆయనకు మేకప్ వేసిన మీకే తెలియాలి. "నవ్వకుండా ఇంటికెళ్తే చావు వెంటపడి వస్తుందిరోయ్!" అంటూ కీడు పోవాలని చేతిలో డబ్బులున్న ఎర్ర కవరు పెట్టి, చక్కిలిగింతలు పెట్టేది మీరే కదా.

నిన్న రిహార్సల్లో, ఈ ఎనభై మూడో ఏట, నాన్న మళ్లీ పేటికలో పడుకున్నారు. డైరెక్టర్ కట్ చెప్పినా లేవలేదు. నేను పరుగెత్తి భుజం తట్టాను.

"ఉండవే, ఇక్కడ హాయిగా ఉంది," అన్నారు కళ్లు తెరవకుండానే.

కాసేపటికి లేచారు కానీ నవ్వలేదు. ఎర్ర కవరు ఇస్తే, "ఇదెందుకు? ఎవరి పుట్టినరోజు?" అని అడిగారు. నవ్వమని గుర్తుచేస్తే నన్ను వింతగా చూశారు.

ఇవన్నీ మూఢనమ్మకాలని కాలేజీలో పాఠం చెప్పే నేను, అప్పటి నుంచి ఆయన కాస్త కునుకు తీసినా దగ్గరికెళ్లి ఊపిరి చూస్తున్నాను.

గురువారం అసలు షూటింగ్. వద్దంటే, "ఈ పనీ మాన్పించి నన్నేం చేద్దామనే?" అని కేకలేస్తున్నారు.

మీరు తప్పక రండి బాబాయ్. ఆయన్ని నవ్వించడానికి రమ్మంటున్నానో, షూటింగ్ ఆపించడానికి రమ్మంటున్నానో మాత్రం నాకే ఇంకా తేలలేదు.