ఊదా రంగు హెచ్చరిక

శనివారం

హెచ్చరికల కార్యాలయం అధికారి గారికి,

కొండవాలు పై వరస జెండా పోస్టు నుంచి రాస్తున్నాను. అక్కడ అందరూ కులాసా అని తలుస్తాను.

మీరు మాకిచ్చిన జెండాలు రెండు. చలి ముదిరితే నీలం, నిప్పు ప్రమాదం ఉంటే ఎరుపు. ఆ రెండు జెండాలూ ఊదా అయ్యాయి. కొత్తవి పంపగలరు.

ఇట్లు,
జెండా పోస్టు బాధ్యురాలు

తా.క. రెండూ ఒకే తొట్టిలో పడ్డాయి.


సోమవారం

గౌరవనీయులైన బాధ్యురాలికి,

తమరి లేఖ చేరింది. తమ పోస్టులోని జెండాలు రెండూ ఊడి తొట్టిలో పడిన సంగతి తెలిసి కార్యాలయం విచారించింది. వాటిని తొట్టిలోంచి తీసి, పిండి, ఆరబెట్టి తిరిగి కట్టుకోగలరు. ఇందు నిమిత్తం ఇరవై గజాల నైలాను తాడు, ఆరు మేకులు బస్సు డ్రైవరు చేత పంపుతున్నాం. సుత్తి తమరే సమకూర్చుకోవలసి ఉంటుంది.

ఇట్లు, విధేయుడు,
హెచ్చరికల అధికారి

తా.క. జెండాలు ఊడిపోయేంత గాలి వీచినట్టు మా యంత్రంలో నమోదు కాలేదు. గాలి ఎటు నుంచి వచ్చిందో రాస్తే యంత్రాన్ని మందలిస్తాం.


మంగళవారం

అధికారి గారికి,

తాడు, మేకులు అందాయి. తాడు గట్టిది.

గాలి రాలేదు. జెండాలు ఊడలేదు. నేను రాసింది ఊదా. వంకాయ రంగు. నా ‘ద’లో మీకు ‘డ’ కనబడింది. తప్పు నాదే, ఈ చలికి వేళ్ళు వంగడం లేదు.

ఎరుపు దిగి నీలానికి పట్టింది. నీలం దిగి ఎరుపుకి పట్టింది. ఇప్పుడు రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఏది చలో ఏది నిప్పో కన్నతల్లి కూడా చెప్పలేదు.

ఇట్లు,
బాధ్యురాలు

తా.క. మీ తాడు మీద మా చెల్లి బట్టలు ఆరేసింది. వెనక్కి కావాలంటే కొన్నాళ్ళు ఆగాలి. బట్టలు అట్టముక్కల్లా బిగిసిపోయాయి, మడత పెడితే విరిగేలా ఉన్నాయి.


బుధవారం

గౌరవనీయులైన బాధ్యురాలికి,

‘ఊదా’ అని గ్రహించాం. మా నియమావళిలో ఊదా రంగు లేదు. లేని రంగును ఎగరేయరాదు. కొత్త జెండాలు రావడానికి మూడు వారాలు పడుతుంది.

గురువారం నుంచి ఆదివారం దాకా తమ ప్రాంతానికి తీవ్రమైన చలి హెచ్చరిక, తీవ్రమైన నిప్పు ప్రమాద హెచ్చరిక రెండూ జారీ చేశాం. ఎముకలు కొరికే చలి, దాంతోపాటు ఎండుగాలి. కాబట్టి తప్పనిసరిగా రెండు జెండాలూ ఎగరేయగలరు.

ఇక విచారణ. నియమం పదకొండు ప్రకారం, జెండాలను పోస్టు బాధ్యులే పాడుచేస్తే పోస్టు రద్దు చేసి, స్తంభాన్ని బజారులో హోటలు మేడ మీదికి మారుస్తాం. ఇంట్లో ఇంకొకరు పాడుచేసి ఉంటే వారికి మందలింపు సరిపోతుంది. ఉతికిందెవరో తెలియజేయగలరు.

ఇట్లు, విధేయుడు,
హెచ్చరికల అధికారి

తా.క. హోటలు యజమాని ఆ స్తంభం కోసం మూడేళ్ళుగా దరఖాస్తులు పెడుతున్నాడు. హెచ్చరిక లేని రోజుల్లో దానికి ‘వేడివేడిగా లభించును’ అన్న బోర్డు కట్టుకుంటాడట.


గురువారం

అధికారి గారికి,

స్తంభాన్ని కదిలించకండి. హోటలు మేడ మా పై వరసకి కనబడదు. మధ్యలో నీళ్ళ ట్యాంకు అడ్డం.

పై వరసలో పన్నెండు ఇళ్ళు. వెనక వాలంతా నడుం ఎత్తు ఎండుగడ్డి. కిందటి చలికాలం ఒకరు పొయ్యిలోని బూడిద తెచ్చి వాకిట్లో పోశారు. అడుగున నిప్పుంది. గాలి లేచింది. మూడు కట్టెల కొట్లు కాలిపోయాయి. రిటైరైన నర్సమ్మని మంచంతో సహా మోసుకొచ్చాం. ఇక్కడ గాలి వస్తే ముందు ఫోన్లు పోతాయి, తర్వాత కరెంటు పోతుంది. కనబడేది జెండా ఒక్కటే.

ఉతికిన సంగతి అడిగారు. మా ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను, చెల్లి. చెల్లి దర్జీ. ఇంట్లో గుడ్డ అన్నది దాని చేతుల మీదుగా పోవలసిందే.

ఇంతకంటే రాయడానికి లేదు.

ఇట్లు,
బాధ్యురాలు

తా.క. రెండు జెండాలూ ఎగరేయమన్నారు. ఊదా ఎగరేయొద్దన్నారు. నా దగ్గరున్నవి రెండూ ఊదావే. ప్రార్థన చేసుకుని పొద్దున్నే ఒకటి ఎగరేశాను. రెండోది కూడా ఎగరేస్తే మిమ్మల్ని ధిక్కరించినట్టు ఉంటుందని ఊరుకున్నాను.


శుక్రవారం

గౌరవనీయులైన బాధ్యురాలికి,

తమ చెల్లెలుగారికి మందలింపు పత్రం జత చేశాం. చదివి వినిపించి, సంతకం తీసుకుని పంపగలరు.

ఆ ఊదా జెండాను వెంటనే దించగలరు. నిన్న ఫోన్లు పోకముందు మీ బజారు నుంచి ఆరోగ్య కేంద్రంవారు ఏ అంటురోగం వచ్చిందని అడిగారు. బడి పెద్ద మేష్టారు ‘ఇది సెలవు జెండానా’ అన్నారు. కాదని మేము చెప్పేలోగా సెలవిచ్చేశారు. బస్సు డ్రైవరు నిన్న మీ ఉత్తరం తీసుకునేటప్పుడు తల ఎత్తలేదట. ఇవాళ ఎత్తాడు. మీ స్టాపులో ఆపకుండా వెళ్ళిపోయి, మీకివ్వాల్సిన ఉత్తరాల సంచి మళ్ళీ మాకే తెచ్చి ఇచ్చాడు. అడిగితే, ‘ఏమో సార్, ఊదా అంటే ఊపిరితిత్తుల జబ్బేమో, నాకు అసలే దగ్గు’ అంటున్నాడు. ఈ ఉత్తరం మీకు ఎప్పుడు చేరుతుందో ఆయన ధైర్యాన్ని బట్టి ఉంటుంది.

ఇట్లు, విధేయుడు,
హెచ్చరికల అధికారి

తా.క. మందలింపు పత్రం నేనే రాశాను. ఇదివరకు ఎవరినీ మందలించి ఎరగను. ఎలా ఉందో చెప్పగలరు.


సోమవారం

అధికారి గారికి,

మీ ఉత్తరం ఆదివారం సాయంత్రం అందింది. డ్రైవరు ముక్కుకి గుడ్డ కట్టుకుని, సంచిని కిటికీలోంచి విసిరాడు. అప్పటికి గాలి తగ్గింది. జెండా దించాను.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇదివరకు నీలం చూస్తే పొయ్యి రాజేసేవారు. ఎరుపు చూస్తే ఆర్పేసేవారు. రెండూ ఎగిరితే ఎవరికి నచ్చింది వాళ్ళు చూసుకునేవారు. నన్నెవరూ ఏమీ అడిగేవారు కాదు.

గురువారం పొద్దున్న మా వాకిట్లో జనం. ముందు రొట్టెల బాబాయి వచ్చాడు.

‘ఏంటమ్మాయ్ ఆ రంగు? ఎవరైనా పోయారా?’

‘లేదు బాబాయ్. చలీ నిప్పూ రెండూ వస్తున్నాయి. పొయ్యి రాజేసుకో, తలుపు మూసుకో. బూడిద మాత్రం బయట పోయకు. మూతున్న ఇనప డబ్బాలో పెట్టు.’

‘ఇంతేనా? మరి ఇన్నేళ్ళూ ఈ ముక్క చెప్పలేదేం?’

‘నువ్వు అడగలేదు.’

ఆయన వెనక నిప్పుకోడి. ఎండాకాలంలో కూడా ఆవిడ పొయ్యి ఆరదు, అందుకని ఆ పేరు. ‘నీలమో ఎరుపో అయితే వచ్చేదాన్నే కాదు వదినా’ అంది. ‘బూడిద బకెట్టు పట్టుకుని గడ్డి వైపు పోతూ తల ఎత్తాను. ఆ రంగు చూసి పోయడం మర్చిపోయి ఇటొచ్చేశాను.’

బకెట్టు చేతిలోనే ఉంది. లోపల ఎర్రగా ఉంది. మా డబ్బాలో పోయించి మూత పెట్టాను. ఆ తర్వాత పావుగంటకి గాలి లేచింది. మా రేకులు రెండు ఎగిరి నీళ్ళ ట్యాంకు దగ్గర పడ్డాయి. ఆవిడ వాటిని చూసి, మా డబ్బా మూత మీద ఒక రాయి తెచ్చి పెట్టింది.

నాలుగు రోజుల్లో నలభై ముగ్గురు వచ్చి అడిగారు. అందరికీ అదే మాట చెప్పాను. పన్నెండు ఇళ్ళూ ఎక్కడివక్కడే ఉన్నాయి. నర్సమ్మ మంచం కదల్లేదు.

ఇట్లు,
బాధ్యురాలు

తా.క. మందలింపు పత్రం చక్కగా ఉంది. ‘ఇకనైనా రంగుల మధ్య దూరం పాటించవలెను’ అన్న వాక్యం నాకు నచ్చింది. చెల్లి సంతకం పెట్టలేదు. నాతో మాట్లాడటం కూడా మానేసింది. ఉప్పు అందుకోమని గోడకి చెబుతోంది.


మరుసటి మంగళవారం

అక్కగారికి,

మీ వాకిట్లో అందరూ అలాగే పిలుస్తారని డ్రైవరు చెప్పాడు. నేనూ పిలుస్తున్నాను.

ఆ నాలుగు రోజుల్లో మా పరిధిలోని నలభై పోస్టుల్లో తొమ్మిది చోట్ల గడ్డి అంటుకుంది. ఎనిమిది చోట్ల కారణం బయట పోసిన బూడిద. అన్నిచోట్లా రెండు జెండాలూ నియమం ప్రకారం ఎగిరాయి. మీ దగ్గర మాత్రం నియమం తప్పింది, గడ్డి అంటుకోలేదు.

మీ ఉత్తరం మా పై అధికారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు. ‘జనం వచ్చి అడిగారటయ్యా’ అన్నారు. మళ్ళీ అదే మాట అన్నారు. ఆయన సర్వీసులో ఎవరూ వచ్చి ఏమీ అడగలేదట.

చలీ నిప్పూ కలిసి వచ్చే రోజుల్లో ఇక అన్ని పోస్టుల్లోనూ ఊదా జెండాయే. నియమావళిలో దాని అర్థం ఇలా రాశాం: ‘పోస్టువారిని వెళ్ళి అడుగుము.’ మీ స్తంభం ఉన్నచోటే ఉంటుంది. హోటలాయనకి ఆ సంగతి రాసేశాం.

చెల్లెలుగారి మందలింపు రద్దు. దాని బదులు పై అధికారి సంతకంతో ప్రశంసాపత్రం పంపుతున్నాం.

చిక్కు ఒక్కటే. ఆ రంగు ఎవరికీ రావడం లేదు. అద్దకంవాళ్ళు మూడుసార్లు ప్రయత్నించారు. ఒకసారి బీట్‌రూట్ వచ్చింది, ఒకసారి ఉల్లిపొట్టు వచ్చింది, మూడోసారి బురద. అందువల్ల మిగతా ముప్ఫై తొమ్మిది పోస్టుల జెండాలూ జతలుగా మూటకట్టి మీకే పంపుతున్నాం. చెల్లెలుగారు ఆ రోజు ఎలా ఉతికారో అచ్చం అలాగే ఉతకాలని మనవి. నీళ్ళు ఎంత వేడి, సబ్బు ఎంత, ఎంతసేపు నానబెట్టారు, వివరంగా రాస్తే నియమావళికి అనుబంధంగా వేస్తాం.

ఇట్లు,
మీ హెచ్చరికల అధికారి

తా.క. డ్రైవరు మూటలు చూసి మళ్ళీ ఏం రోగమని అడిగాడు. చాకిరీ అన్నాను. అంటుకుంటుందా అని అడిగాడు.


శుక్రవారం

బాబుకి,

ఇన్నాళ్ళూ అధికారి గారని రాశాను. ఈ ఉత్తరంలో ఒప్పుకోవలసింది ఒకటుంది. అధికారి ముందు ఒప్పుకోవడం కష్టం, అందుకని ఇలా పిలిచాను.

జెండాలు ఉతికింది చెల్లి కాదు. నేను.

అబద్ధం రాయలేదు. ఇంట్లో ఎవరెవరున్నామో రాసి, మిగతాది మీ ఊహకి వదిలాను. స్తంభం హోటలు మీదికి పోతే పై వరసకి దిక్కెవరని భయపడ్డాను. నాకు మాటలు పొదుపని అందరూ మెచ్చుకుంటారు. ఆ పొదుపు చాటున ఈసారి దాక్కున్నాను. అప్పటి నుంచి కళ్ళు మూసుకుంటే దేవుడి కంటే ముందు మీ నియమం పదకొండు వచ్చి నిలబడుతోంది.

చెల్లి కూడా స్తంభం పోతుందనే మీకు రాయకుండా నోరు కట్టుకుంది. నా దగ్గర మాత్రం కట్టుకోలేదు, గోడ ద్వారా అన్నీ చెప్పింది.

ఇప్పుడు పోస్టు ఇంకెవరికైనా ఇచ్చినా నేను ఏమీ అనను. స్తంభం మాత్రం నీళ్ళ ట్యాంకుకి ఇవతలే ఉండనివ్వండి.

ప్రశంసాపత్రం వచ్చిన పూట చెల్లి నాతో మాట్లాడింది. నిజం మీకు రాసేస్తున్నానని చెప్పాను. ‘ఇప్పుడు నీకు ఆ తొందరెందుకక్కా’ అంది. ‘తిట్టు తొమ్మిది రోజులు మోశాను. పొగడ్త కనీసం పది రోజులు మొయ్యనీ.’ దానికి ఫ్రేము కట్టించి కుట్టుమిషను పైన తగిలించింది. కొలతలకి వచ్చినవాళ్ళని నిలబెట్టి, టేపు మెడలో వేసుకుని, ముందు అది చదివి వినిపిస్తోంది. వెనక్కి అడగకండి. ఇవ్వదు.

మూటలు అందాయి. ముప్ఫై తొమ్మిది జతలూ నేనే ఉతుకుతాను. వివరాలు అడిగారు. నీళ్ళు గోరువెచ్చన. సబ్బు చేతికి వచ్చినంత. ఎంతసేపు అంటే, ఒక ప్రార్థన అయ్యేంతసేపు. ఆ రోజు తొట్టి ముందు కూర్చుని, పై వరసలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే తలచుకుంటున్నాను. చేతులు ఏం పడేస్తున్నాయో చూడలేదు. పన్నెండో ఇంటికి వచ్చి కళ్ళు తెరిచేసరికి నీళ్ళు ఊదాగా ఉన్నాయి.

అనుబంధంలో ఎలా వేసుకుంటారో మీ ఇష్టం.

ఇట్లు,
అక్క

తా.క. ఈసారి రంగు కొద్దిగా తేడాగా ఉంటే కంగారుపడకండి. ప్రార్థనలో గడ్డి అంటుకున్న ఆ తొమ్మిది చోట్లనీ, డ్రైవరునీ, మిమ్మల్నీ చేర్చాను. కాస్త ముదురుగా వస్తుంది.