ఒక్కసారి చెబితే పట్టేసేవాళ్లు

క్రాంజీ కార్మికుల హాస్టల్, ఆదివారం

ఫుట్‌బాల్ టీములోకి ఎవరిని తీసుకోవాలన్నా నాది ఒకటే పరీక్ష. బంతి ఎవరు ఎవరికి అందించాలో ఒక్కసారే చెబుతాను. మరుసటి ఆదివారం దాకా గుర్తుపెట్టుకున్నవాడికే చోటు. ఎవరు ఎంత త్వరగా నేర్చుకుంటారో నోటుబుక్కులో వరుసగా రాసుకుంటాను. మొదటి పేరు రాజన్నది.

సాయంత్రం సూపర్‌వైజర్ ప్రసాద్ గారు గ్రౌండుకొచ్చి ఆ బుక్కు అడిగారు. ఆట మీద ఇష్టమేమో అనుకుని, వెధవని, గొప్పగా చూపించాను. ఆయన ఆ పేజీని ఫోటో తీసుకున్నారు.

"ఇందులో పై నలుగురూ రేపు జురాంగ్ ఐలాండ్ రిఫైనరీకి. ట్యాంకుల్లోకి దిగే పని."

"లోపల గ్యాస్ ఉంటుంది కదా సార్. ట్రైనింగ్ ఎన్ని రోజులు?"

"రోజులెక్కడివయ్యా? ఒక్కసారి చెబితే పట్టేస్తారని నువ్వే రాశావుగా!"

రాజన్న మాత్రం పొంగిపోతున్నాడు. "నీ వల్లనే నన్ను ఏరుకున్నరన్నా" అన్నాడు.

వాడికి ఒక్కసారి చెబితే ఏదీ రాదు. నా గదివాడని, ప్రతి శనివారం గ్లాసుల్ని ఆటగాళ్లలా పేర్చి నాలుగైదుసార్లు మళ్లీ నేనే చెప్పేవాణ్ణి. ఆ సంగతి ప్రసాద్ గారికి చెబితే నా జాబితా దొంగదని తేలిపోతుంది. గంట నుంచి ఫోను చేతిలోనే ఉంది.

పై మంచం మీద రాజన్న గురక పెడుతున్నాడు. ఐదింటికి లారీ వస్తుంది.