ఫిరంగి ఎవరు?

1974 జూన్ 3
పాతబస్తీ జహనుమాలో ప్రార్థన మందిరానికి జాగా రిజిస్ట్రేషన్ అయింది. ఒక మూలన నాలుగు పాత సమాధులున్నాయి. చూసే దిక్కు లేనట్టుంది. మేస్త్రీ కైలాసం మన సంఘం పెద్దే. వాటి మీది బండలు గట్టివి, పునాదిలో వేద్దాం అన్నాడు. సరే అన్నాను. 23న శంకుస్థాపన. వాక్యం నేనే చెప్పాలి. బడి మొహం చూడక, బైబిలు పట్టుకునే అక్షరాలు నేర్చుకున్న నాకు!

జూన్ 6
పక్కింటి అబ్దుల్ వాహెద్ పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. చేతికొచ్చిన ఉర్దూ చరిత్ర ఒకటి నాకు చదివి వినిపిస్తున్నాడు. నాకు ఆ లిపి రాదు. మలయా దేశపు సుల్తాన్ మహమూద్ కథ. ఫిరంగి దెబ్బకు అతని మలాకా పట్నం పోయింది. అయినా లొంగలేదు. దీవుల్లో ఉండి పదిహేనేళ్లు ఆ ఫిరంగి మీదికే వచ్చాడు. ఒళ్లు జలదరించింది. గొల్యాతు ముందు దావీదే!

జూన్ 9, ఆదివారం
ఛత్రినాక మూలమీద స్టూలెక్కి గర్జించాను. ఇనుప గొట్టం ముందు ఒక సుల్తాను నిలబడ్డాడే, జీవముగల దేవుని బిడ్డలు మీరెందుకు వణుకుతారు అన్నాను. ఆ ఫిరంగి ఎంత పెద్దగ ఉండె అన్నా అని మా సంఘం లీలమ్మక్క అడిగింది. రెండేనుగులు లాగినా కదలదన్నాను. అది పుస్తకంలో లేదు. ప్రభువా, క్షమించు.

జూన్ 10
వాహెద్ భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అరే మొగులన్నా, గదేం ప్రసంగమే, నీ ఫిరంగిని మేం తోప్ అంటం, మా కితాబుల ఫిరంగి అంటే సముందర్ దాటొచ్చిన తెల్లోడు, పోర్చుగల్లోడు అన్నాడు. తెరచాపల మీద సిలువ ఏస్కొని వచ్చిండు, మీ యేసు పేరు చెప్పుకుంటనే అన్నాడు.
నాకు నవ్వు రాలేదు. పట్నం గెలిచి ఏం చేశారని అడిగాను. పేజీ తిప్పి మెల్లగా చదివాడు. మసీదు రాళ్లు, సుల్తానుల గోరీల రాళ్లు పీకి కోట కట్టుకున్నారట.
పుస్తకం మూశాడు. జహనుమాల మూడో గోరీ మా దాదీది, మా నాయినమ్మది భాయ్, నీకెర్కనే అనుకున్న, నువ్వున్నవు గదా అని ఫికర్ చెయ్యలే అన్నాడు.

జూన్ 11
వాక్యం తెరిస్తే నాబోతు ద్రాక్షతోట. దాన్ని కాజేసిన అహాబు రాజుది నా ముఖమే.

జూన్ 17
ఇవాళ ధైర్యం చేసి జాగాకు పోయాను. కైలాసం బండలు అప్పటికే పీకించాడు. పునాది గుంత పక్కన పేర్చాడు. వద్దన్నాను. రాయికి మతముంటదా మొగులయ్యా, ముందుగాల సరే అన్నది నువ్వే గదా, గిప్పుడేంది గీ లొల్లి అన్నాడు. 
గేటు దగ్గర వాహెద్ తమ్ముడు తాహిర్, వెంట పదిమంది. దాదీ రాయి గుంతల పడితే ఈడ గోడ లేవది మొగులన్నా అన్నాడు. అరవలేదు. అందుకే భయం వేసింది.

జూన్ 21
పోలీసులు వచ్చి చూసి పోయారు. రెండు వైపులా కర్రలు చేరుతున్నాయి. ఆదివారం పోవద్దని నా భార్య నీలమ్మ ఏడుస్తోంది.

జూన్ 23, ఆదివారం, సాయంత్రం
 జరిగింది జరిగినట్టే రాస్తాను.
శంకుస్థాపనలో స్టూలెక్కి, మొన్న తప్పు చెప్పానన్నాను. ఫిరంగి ఇనుము కాదు. సిలువ ఎత్తుకుని వచ్చి పక్కవాడి సమాధి తవ్వినవాడు. ఈ జాగాలో వాడు నేనే అన్నాను. కైలాసం స్టూలు లాగేశాడు. పడ్డాను. బండ దింపుండ్రి అని కూలీల మీద అరిచాడు. నేను గుంతలో దిగి పడుకున్నాను. నా మీదే వెయ్యండి అన్నాను.
గేటు దగ్గర కర్రలు కదిలాయి. అప్పుడు లీలమ్మక్క చెప్పులు విప్పి నా పక్కన దిగింది. ఏంది కైలాసం, మమ్మల్ని గూడ పూడుస్తవా అంది. వెనకే నీలమ్మ. కూలీలు బండను పక్కన పెట్టేసి బీడీలు ముట్టించారు. తాహిర్ వాళ్లు ఆగిపోయారు.
ఇక మీదట సంఘంలో నా నోరు లేవకూడదట, పెద్దల మాట.

జూన్ 24
వాహెద్ భాయ్, నేను కలిసి బండలు తిరిగి సమాధుల దగ్గరికి మోశాం. రెండింటి మీద పేర్లున్నాయి. రెండింటి మీద లేవు. పేరు లేనివాటిలో దాదీది ఏదో వాహెద్ భాయికీ తెలియలేదు. ఏదో ఒకటి పెట్టు భాయ్ అన్నాడు. అది వేరొకరిదైతే? నా చేతులు రాయిని వదలలేదు.