ఖాళీ స్టేడియంలో నీ కేక

27 జూన్ 2020, బ్లాంచర్డ్స్‌టౌన్, డబ్లిన్

బాబాయ్,

ఈ ఉదయం టీవీలో నీ గొంతు వినిపించింది.

అమెరికాలో ఏ జట్టూ నిలుపుకోని నీ అభిమాన అవుట్‌ఫీల్డర్‌ని జపాన్ నెత్తిన పెట్టుకుంది కదా, అతని బేస్‌బాల్ మ్యాచ్. కోవిడ్ వల్ల ప్రేక్షకుల్లేరు. నిరుటి మ్యాచుల్లో రికార్డు చేసిన కేకలు స్పీకర్లలో వేస్తున్నారు. బంతి పైకి లేవగానే ఆ జపనీస్ హోరులోంచి, "పట్టుకోరా నాయనా!"

అతను పట్టుకున్నాడు. ఖాళీ కుర్చీల వైపు టోపీ తీసి వంగాడు.

అమ్మ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "ఎవరే అది? మీ బాబాయేనా?"

నిరుడు నువ్వా స్టేడియానికి వెళ్లావని గుర్తుచేశాను. అమ్మ టీవీ సౌండ్ పెంచింది. ఏప్రిల్‌లో నీ అంత్యక్రియలు ఫోన్లో చూసినప్పుడు శబ్దమే రాలేదు.

"పిన్నికి చెబుదామా?"

"వద్దే. తనే విననీ."

రేపూ అదే స్టేడియంలో మ్యాచ్, అవే కేకలు. పొద్దున్న పదింటికల్లా పిన్నిని టిఫిన్‌కి రమ్మన్నాం. ఎందుకో చెప్పలేదు.